లెక్కను సరిచూడడం కూడా అమానతే

గత వేసవిలో, మే నెలలో ఒక సాయంత్రం. మగ్రిబ్ నమాజ్ ముగిసింది. చార్మినార్‌కు దక్షిణాన శాలిబండ దారిలో ఉన్న మా మదరసా పై గదిలో పదకొండు మంది పిల్లలు పుస్తకాలు తెరచుకుని కూర్చున్నారు. వీరంతా పదవ తరగతి వార్షిక పరీక్షలో గణితం తప్పినవారు. జూన్‌లో జరిగే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షకు సిద్ధమవుతున్నారు. కొందరిది ఉర్దూ మాధ్యమం, కొందరిది తెలుగు, ఇద్దరిది ఇంగ్లీషు. మాధ్యమాలు వేరైనా అంకెలు అందరివీ ఒకటే కనుక ఒకే నల్లబల్ల సరిపోయింది.

నేను గణిత పండితుణ్ణి కాను. ఫరాయిజ్, అనగా వారసత్వ వాటాల శాస్త్రం బోధిస్తూ వచ్చినందువల్ల భిన్నాలతో పాత పరిచయం ఉంది, అంతే. వేసవి సెలవుల్లో గణితం చెప్పేవారెవరూ దొరకక ఆ పని నా మీద పడింది. పాఠ్యపుస్తకం, పాత ప్రశ్నాపత్రాలు, బజారులో కొన్న ఒక గైడు ముందు పెట్టుకుని నేనూ వారితో పాటు నేర్చుకుంటూ నేర్పసాగాను.

ఆ రోజు ఇచ్చిన లెక్కల్లో ఒకటి వర్గ సమీకరణం. 2ఎక్స్² + ఎక్స్ − 6 = 0. ఎక్స్ విలువలు కనుక్కోవాలి. ఒక కుర్రవాడు మధ్య పదాన్ని చక్కగా విడదీసి, 3/2, −2 అని జవాబు రాశాడు. తర్వాత గైడు తీసి చూశాడు. అందులో −3/2, 2 అని అచ్చయి ఉంది. వెంటనే తన జవాబు కొట్టివేసి, గైడులో ఉన్నది రాసుకుని నా దగ్గరకు తెచ్చాడు. నేను కూడా గైడు వంక ఒకసారి, నోటుబుక్కు వంక ఒకసారి చూసి, ఎర్ర సిరాతో ‘సరైనది’ అని గుర్తు పెట్టాను.

మరునాడు వాడు తలవంచుకుని నా ముందు నిలబడ్డాడు. “ఉస్తాద్, తప్పుగా అనుకోకండి. నిన్నటి లెక్క సరిగా లేదనిపిస్తోంది” అన్నాడు.

“ఎలా తెలిసింది బేటా?”

“అమ్మీ అడిగింది ఉస్తాద్. ఇది సరైనదని నీకెలా తెలుసు అంది. గైడులో ఉందన్నాను. గైడు రాసినవాడు పొరబడడా, ఆ అంకెను మళ్లీ లెక్కలో పెట్టి నాకు చూపించు అంది.”

ఆ తల్లి చదువు ఐదవ తరగతితో ఆగిపోయింది. ఇంట్లో జర్దోజీ పని చేస్తుంది. కూలీ డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా ముక్కల సంఖ్యను రేటుతో మళ్లీ గుణించి చూసుకోవడం ఆమెకు అలవాటు. ఆమెకు వర్గ సమీకరణం తెలియదు. కాని చేతికి వచ్చిన లెక్కను సరిచూడకుండా ఒప్పుకోకూడదని తెలుసు.

కుర్రవాడు నల్లబల్ల మీద చేసి చూపించాడు. ఎక్స్ స్థానంలో గైడులోని 2 పెడితే, 8 + 2 − 6 = 4. సున్న రావలసిన చోట 4 వచ్చింది. −3/2 పెడితే, 4.5 − 1.5 − 6 = −3. అదీ సున్న కాదు. తర్వాత తాను మొదట రాసి కొట్టివేసిన జవాబును పెట్టాడు. 3/2 పెడితే, 4.5 + 1.5 − 6 = 0. −2 పెడితే, 8 − 2 − 6 = 0. రెండూ సరిపోయాయి. గైడులో అచ్చుతప్పు వల్ల గుర్తులు తారుమారయ్యాయి.

ఇక్కడ మూడు తప్పులు జరిగాయి. ఒకటి అచ్చువేసినవారిది. రెండవది, తన చేతిలో ఉన్న సత్యాన్ని వదిలి అచ్చులో ఉన్నదాన్ని పట్టుకున్న పిల్లవాడిది. మూడవది నాది. మూడింటిలో పెద్దది నాదే. వాడు పరీక్షకు వెళ్లేవాడు, నేను వాడికి సాక్షిగా నిలబడినవాణ్ణి. చూడకుండానే సాక్ష్యం చెప్పాను. ఆ మాట పిల్లలందరి ముందు ఒప్పుకుని, ఎర్ర గుర్తు కొట్టివేసి, పక్కన నా సంతకం పెట్టాను. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ సాయంత్రమే.

చేయి లోపల పెట్టి చూడడం

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒకనాడు బజారులో ధాన్యపు రాశి పక్కగా వెళుతూ, ఆ రాశిలో చేయి పెట్టి చూసిన సంఘటన సహీహ్ ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అయితే ఆ తడి భాగాన్ని జనం చూసేలా పైన ఉంచవలసిందని ఆయన మందలించి, మోసానికి పాల్పడేవారిని గురించి తీవ్రంగా హెచ్చరించారు. ఈ సంఘటనను మనం సాధారణంగా వ్యాపారంలో నిజాయితీ గురించి చెప్పేటప్పుడు స్మరిస్తాం. అందులో మరొక పాఠం కూడా ఉంది. ఆయన పైపైన చూసి వెళ్లలేదు. చేయి లోపల పెట్టి చూశారు.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ సూరా బఖరలోని 282వది. అది అప్పును గడువుతో సహా రాసిపెట్టుకోవడం గురించి, సాక్షులను ఏర్పరచుకోవడం గురించి బోధిస్తుంది. ఇద్దరు మంచివారి మధ్య జరిగే లావాదేవీకి కూడా సరిచూసే ఏర్పాటు కావాలని దీనివల్ల గ్రహిస్తాం. సరిచూడడం అంటే ఎదుటివారిని అనుమానించడం కాదు, మనిషి మరచిపోయేవాడని గుర్తుంచుకోవడం. పిల్లవాడి నోటుబుక్కుకు కూడా ఇదే వర్తిస్తుంది.

చేయడం కష్టం, చూడడం సులభం

గణితంలో అల్లాహ్ మనకు అనుగ్రహించిన ఒక సౌలభ్యం ఉంది. అనేక సమస్యలకు జవాబు కనుక్కోవడం కష్టం కాని, వచ్చిన జవాబు సరైనదో కాదో చూడడం సులభం. కనుక్కోవడానికి పదవ తరగతి పాఠం రావాలి. చూడడానికి చాలావరకు కూడికలు, తీసివేతలు, గుణకారాలు వస్తే చాలు. కనుక పెద్ద చదువులు చదవని తల్లిదండ్రులు కూడా పిల్లల లెక్కలకు పరీక్షకులు కాగలరు.

రమజాన్ సరుకులతో ఒక ఉదాహరణ చూద్దాం. 3 కిలోల ఖర్జూరం, 2 కిలోల పెద్ద శనగలు కలిపి 1,160 రూపాయలు. 2 కిలోల ఖర్జూరం, 3 కిలోల పెద్ద శనగలు కలిపి 1,040 రూపాయలు. కిలో ధర ఒక్కొక్కటి ఎంత? పాఠ్యపుస్తకం దీన్ని రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత అంటుంది.

ఒక పిల్లవాడు ఖర్జూరం 300, శనగలు 130 అని తెచ్చాడనుకోండి. మొదటి వాక్యంలో పెడితే 900 + 260 = 1,160. సరిపోయింది. ఇక్కడితో ఆగితే మోసపోతాం. రెండవ వాక్యంలో పెడితే 600 + 390 = 990. రావలసింది 1,040. కనుక జవాబు తప్పు. సరైన జవాబు ఖర్జూరం 280, శనగలు 160. మొదటిదానిలో 840 + 320 = 1,160. రెండవదానిలో 560 + 480 = 1,040. షరతులు రెండున్నప్పుడు రెండింటిలోనూ పెట్టి చూడాలి. ఒకదానికి సరిపోయినంత మాత్రాన చాలదు.

వర్గ సమీకరణానికి పెట్టి చూడడంతో పాటు మరో మార్గం కూడా ఉంది. రెండు మూలాల మొత్తం, లబ్ధం గుణకాలతో సరిపోవాలి. పై లెక్కలో 3/2, −2ల మొత్తం −1/2, లబ్ధం −3. సమీకరణం చెప్పేదీ అదే. గైడులోని జవాబుకు లబ్ధం −3 వస్తుంది కాని, మొత్తం +1/2 వస్తుంది. అచ్చుతప్పు అక్కడ దొరికిపోతుంది.

కొన్ని చోట్ల జవాబును సమస్యలోనే పెట్టి చూడడం కుదరదు. అక్కడ ‘ఇది సాధ్యమేనా’ అని ప్రశ్నించాలి.

త్రికోణమితిలో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటి. మీనార్ అడుగు నుండి 30 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే శిఖరపు ఊర్ధ్వకోణం 60 డిగ్రీలు. ఎత్తు ఎంత? జవాబు 30√3, అనగా దాదాపు 52 మీటర్లు. చాలామంది గుణించవలసిన చోట భాగించి 17 మీటర్లు అని రాస్తారు. కోణం 45 డిగ్రీలైతే ఎత్తు, దూరం సమానం. కోణం అంతకు మించితే ఎత్తు దూరం కన్నా ఎక్కువ ఉండి తీరాలి. 60 డిగ్రీల దగ్గర 17 మీటర్లు ఎలా సాధ్యం? ఈ ఒక్క ప్రశ్నతో తప్పు బయటపడుతుంది.

సంభావ్యత ఎన్నడూ సున్న కన్నా తక్కువ కాదు, ఒకటి కన్నా ఎక్కువ కాదు. 7/5 అని వస్తే చేసిన లెక్కలో దోషం ఉన్నట్టే. సగటు ఎప్పుడూ దత్తాంశంలోని అతి చిన్న విలువకూ, అతి పెద్ద విలువకూ నడుమనే ఉంటుంది. ఒకే వ్యాసార్ధం, ఒకే ఎత్తు ఉన్న శంకువు ఘనపరిమాణం స్తూప ఘనపరిమాణంలో మూడో వంతు. వ్యాసార్ధం 7, ఎత్తు 12 సెంటీమీటర్లయితే స్తూపం 1,848, శంకువు 616 ఘన సెంటీమీటర్లు. శంకువు అంతకన్నా పెద్దదిగా వస్తే మళ్లీ చేయాలి.

అంకశ్రేఢికి ఉదాహరణ తల్లుల పొదుపు. మొదటి నెల 100, ఆపై నెలనెలా 50 పెంచుతూ పోతే 12 నెలలకు ఎంత? సూత్రం ప్రకారం 4,500. సరిచూడాలంటే మొదటి నెల 100, చివరి నెల 650 కలపండి, 750. అలాంటి జతలు ఆరు. 750 × 6 = 4,500. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి.

మన పెద్దల ‘మీజాన్’

ఈ అలవాటు మనకు కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దంలో, ఖలీఫా మామూన్ కాలంలో బగ్దాద్‌లో జీవించిన అల్ ఖ్వారిజ్మీ ‘అల్ జబ్ర్ వల్ ముఖాబలా’ గ్రంథం రాశారు. బీజగణితాన్ని ప్రపంచం నేడు పిలిచే పేరు అందులోని ‘అల్ జబ్ర్’ నుండే వచ్చింది. ఆ గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వాల లెక్కలకే కేటాయించబడింది. అనగా మన పిల్లలు భయపడే సమీకరణాలు, అనాథలకూ వితంతువులకూ వారి హక్కు సరిగా చేర్చే పనితో కలిసే పెరిగాయి.

హిందూదేశపు మదరసాల్లో దర్సె నిజామీ పాఠ్యక్రమంలో బహావుద్దీన్ ఆమిలీ రాసిన ‘ఖులాసతుల్ హిసాబ్’ చాలాకాలం బోధించబడింది. మన నగరంలోనూ 1917లో ఏర్పడిన దారుత్తర్జుమా, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం గణితం సహా ఆధునిక శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చాయి. గణితం మదరసాకు పరాయిదన్న అభిప్రాయం ఇటీవలిదే.

ఆ పాత గ్రంథాల్లో లెక్కను సరిచూసే పద్ధతికి ‘మీజాన్’ అని పేరు. అనగా త్రాసు. తొమ్మిదులు తీసివేసే ఆ పద్ధతి నేటి పిల్లలకూ పనికివస్తుంది. ఉదాహరణకు 347 × 26 = 9,022. 347లోని అంకెలు కూడితే 14, మళ్లీ కూడితే 5. 26కు 8. 5 × 8 = 40, దానికి 4. జవాబు 9,022లోని అంకెలు కూడితే 13, దానికి 4. త్రాసు సమంగా నిలిచింది. సమంగా నిలవకపోతే లెక్క తప్పని నిశ్చయం. అయితే సమంగా నిలిచినంత మాత్రాన సరైనదని నిశ్చయం కాదు. పిల్లవాడు 9,202 అని అంకెలు తారుమారు చేసినా ఈ త్రాసు పట్టుకోలేదు. ఏ పరీక్ష దేనిని పట్టుకోగలదో, దేనిని పట్టుకోలేదో తెలుసుకోవడం కూడా విద్యలో భాగమే.

వాటాల లెక్కలో సరిచూడకపోతే

ఫరాయిజ్ పాఠంలో నేను ప్రతి సంవత్సరం చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఒక వ్యక్తి మరణించాడు. భార్య, తల్లి, తండ్రి, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు. సూరా నిసా 11, 12 ఆయతుల్లో నిర్ణయమైన వాటాల ప్రకారం భార్యకు 1/8, తల్లికి 1/6, తండ్రికి 1/6, కుమార్తెలిద్దరికీ కలిపి 2/3. విడివిడిగా చూస్తే అన్నీ సరైనవే. హారం 24 చేసి కలిపి చూస్తే 3 + 4 + 4 + 16 = 27. ఇరవై నాలుగు భాగాలున్న ఆస్తి నుండి ఇరవై ఏడు భాగాలు ఎక్కడి నుండి వస్తాయి?

అప్పుడు ధర్మవేత్తలు ‘ఔల్’ సూత్రాన్ని అనుసరించి ఆస్తిని 27 భాగాలు చేస్తారు. అందరి వాటా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 27 లక్షల ఆస్తి అయితే భార్యకు 3, తల్లికి 4, తండ్రికి 4, కుమార్తెలకు ఒక్కొక్కరికి 8 లక్షలు. భార్య ఎనిమిదో వంతు తొమ్మిదో వంతు అయింది. హజ్రత్ అలీ (రజియల్లాహు అన్హు) మింబర్ మీద ఉపన్యసిస్తూనే ఈ ప్రశ్నకు జవాబు చెప్పారన్న ప్రసిద్ధి వల్ల దీనికి ‘మింబరియ్యా’ అని పేరు వచ్చింది.

కలిపి చూడకుండా ముందు వచ్చినవారికి ముందు పంచేసి ఉంటే, చివరన మిగిలినవారికి మూడు భాగాలు తక్కువ పడేవి. అలా నష్టపోయేవారు తరచూ ఇంట్లో నోరులేనివారే, అనగా తల్లి, చిన్న కూతురు. పరీక్షలో సరిచూడడం నేర్చుకోనివాడు రేపు ఇంటి పెద్ద అయ్యాక ఈ లెక్క ఎలా సరిచూస్తాడు?

మార్కులు వేసేవారూ మనుషులే

సరిచూడవలసిన బాధ్యత విద్యార్థిది మాత్రమే కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు మార్కుల నమోదులో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. తెలుగులో సున్న అని చూపిన ఒక విద్యార్థినికి సరిచూస్తే 99 మార్కులు ఉన్నాయి. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పినవారందరి జవాబు పత్రాలనూ మళ్లీ పరిశీలించమని ప్రభుత్వం ఆదేశించగా, వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు.

కనుక తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. ఫలితాల కాగితం కూడా ఒక లెక్కే, దాన్ని కూడా సరిచూడవచ్చు. పదవ తరగతి ఫలితాల తర్వాత మార్కుల రీకౌంటింగ్‌కు, జవాబు పత్రం పునఃపరిశీలనకు దరఖాస్తు చేసుకునే అవకాశం ఉంటుంది. గడువు కొద్ది రోజులే కనుక వెంటనే ప్రధానోపాధ్యాయుణ్ణి కలవండి. సప్లిమెంటరీ పరీక్ష ఉంది. బడి మానేసినవారికి, మదరసా విద్యార్థులకు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదవ తరగతి రాసే మార్గం ఉంది. తప్పిన రోజున పిల్లవాణ్ణి నిందించకండి, ఒంటరిగా వదలకండి. వాడు కుంగిపోయినట్టు కనిపిస్తే 14416 టెలీ మానస్ నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. ప్రాణం అల్లాహ్ అప్పగించిన అమానత్. ఏ మార్కుల పట్టికా దానికి వెల కట్టలేదు.

ఇంట్లో చేయదగినవి

ఆ వేసవి నుండి మా పై గదిలో కొన్ని నియమాలు పెట్టుకున్నాం. మీ ఇళ్లలోనూ పాటించవచ్చు.

లెక్క పూర్తయి, సరిచూసిన తర్వాతే గైడు గాని, ఫోనులో వీడియో గాని తెరవాలి. రెండూ వేరుగా వస్తే గైడే సరైనదని అనుకోకూడదు, తానే సరైనవాణ్ణని కూడా అనుకోకూడదు. రెండు జవాబులనూ సమస్యలో పెట్టి చూడాలి. సమస్యే తీర్పు చెబుతుంది.

తల్లి గాని, తండ్రి గాని, పెద్దక్క గాని రోజూ మూడు ప్రశ్నలు అడగాలి. ఏమి కనుక్కోమన్నారు? నీవు ఏమి కనుక్కున్నావు? అది సరైనదని ఎలా తెలుసు? మూడవ ప్రశ్నకు ‘పుస్తకంలో ఉంది’ అన్నది జవాబు కాదు.

తప్పు దొరికిన చోట రబ్బరుతో చెరిపివేయకుండా ఒక గీత గీసి, పక్కన కారణం రాయాలి. గుర్తు తప్పా, గుణకారం తప్పా, ప్రశ్నను సరిగా చదవలేదా అన్నది తెలియాలి. పది రోజుల తర్వాత తిరగేస్తే ఎవరి బలహీనత ఎక్కడుందో వారికే తెలుస్తుంది.

పరీక్షలో చివరి పదిహేను నిమిషాలు కొత్త లెక్కకు కాదు, చేసినవాటిని సరిచూడడానికి కేటాయించాలి. జవాబు సరిపోక, మళ్లీ చేసే సమయం లేకపోతే మొత్తం కొట్టివేయకూడదు. సోపానాలకు కూడా మార్కులుంటాయి. అయితే సరిపోని జవాబును సరిపోయినట్టు చూపడానికి మధ్యలో అంకెలు మార్చడం మాత్రం చేయకూడదు. అది తడి ధాన్యం మీద పొడి ధాన్యం పరచడమే అవుతుంది.

‘హిసాబ్’ అన్న పదం మనకు రెండు చోట్ల వినిపిస్తుంది. బడిలో లెక్కను అలాగే అంటాం, ప్రళయదినాన జరిగే విచారణనూ అలాగే అంటాం. ఆ దినాన లెక్క చూసేవాడు ఎన్నడూ పొరబడడు, మనకు మళ్లీ చేసుకునే అవకాశమూ ఉండదు. అవకాశం ఉన్నంతలోనే తన లెక్క తాను చూసుకునేవాడు వివేకి.

ఆ కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఈసారి కూడా తప్పితే మెకానిక్ షెడ్డులో పెడతానని ఆటో నడిపే తండ్రి ముందే చెప్పి ఉంచాడు. జూన్ పరీక్ష రాసి వచ్చిన రోజున వాడు నేరుగా మదరసాకు వచ్చాడు. “ఉస్తాద్, సమీకరణాల లెక్క ఒకటి మొదటిదానికి సరిపోయింది, రెండవదానికి సరిపోలేదు. గంట కొట్టేలోపు మళ్లీ చేశాను” అన్నాడు. గొప్ప మార్కులేమీ రాలేదు కాని గణితం గట్టెక్కాడు. తండ్రి వాణ్ణి ఇంటర్మీడియట్‌లో చేర్పించాడు. తల్లి మాత్రం నాకు కబురు పంపింది: “హజ్రత్, వాడి మార్కులు నేను ఒక్కొక్కటి కూడి చూశాను, మొత్తం సరిపోయింది.”

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, సరిచూసుకునే వినయాన్ని, తప్పును ఒప్పుకునే ధైర్యాన్ని ప్రసాదించుగాక. బోధించే మాకు కూడా. ఆమీన్.